మీసముల తల్లి: గిజుభాయి బధేకా

దక్షిణామూర్తి ధ్యానమును ఎఱిగినవారికి అందలి విచిత్రము తెలిసియే యుండును. మఱ్ఱిచెట్టు మొదట కూర్చున్న గురువు పడుచువాడు. ఎదుట కూర్చున్న శిష్యులు వృద్ధులు. గురువు నోరు మెదపడు, శిష్యుల సంశయములు మాత్రము తీరిపోవును. ఇట్టి గురుమూర్తిని వేల యేండ్లుగా పూజించుచు వచ్చిన దేశమే, బడిపంతులనగానే బెత్తమును, ఉఱుము వంటి గొంతును తలచుకొనుటకు అలవాటుపడినది. గుడిలోని గురువు ఒకరు, బడిలోని గురువు మఱియొకరు. ఈ యిద్దఱికిని పొత్తు ఎట్లు తప్పిపోయెనో చెప్పుట కష్టము. కాఠియావాడు సీమలోని భావనగరమున 1910లో స్థాపింపబడిన విద్యార్థి వసతిగృహమునకు దక్షిణామూర్తి పేరు పెట్టిరి. ఆ సంస్థ నీడలోనే పదేండ్ల తరువాత ఒక శిశుశాల వెలసినది. గుడిలోని గురువును బడిలోనికి తెచ్చుటకు అచట జరిగిన ప్రయత్నమునకు కర్త గిజుభాయి బధేకా.

ఆయన పూర్తి పేరు గిరిజాశంకర్ భగవాన్‌జీ బధేకా. 1885 నవంబరు 15వ తేదీన సౌరాష్ట్రములోని చితల్ గ్రామమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. బాల్యములో ఆయన చుట్టునున్న లోకమును తెలిసికొననిదే, తరువాత ఆయన దేనితో పోరాడెనో, దేనిని గుండెకు హత్తుకొనెనో బోధపడదు.

గుజరాతు పల్లెలలో ఆనాడు నడచిన వీథిబడులకు ధూళిబడులని పేరు. చెక్కపలకపై సన్నని దుమ్ము చల్లి పుల్లతో అక్షరములు దిద్దించెడివారు గనుక ఆ పేరు వచ్చినది. పంతులును మెహతాజీ యనెడివారు. ఆ భాషలో లెక్కలు వ్రాయు గుమాస్తాకును అదే పేరగుట గమనింపదగినది. వర్తకులతో నిండిన ఆ సీమకు కావలసినది నోటిలెక్క. ఒకట్లు, రెండ్లు మొదలుకొని ఎక్కములను వల్లించుటయే గాక, పాతిక, అర, ముప్పాతిక, ఒకటింబాతిక, ఒకటిన్నర ఎక్కములను సైతము ఆ పిల్లలు కంఠస్థము చేయవలసియుండెను. దుకాణములో కూర్చున్న కుఱ్ఱవాడు కాగితము లేకయే వడ్డీ చెప్పగలిగిననాడు బడి సార్థకమైనట్లు తండ్రి తలచెడివాడు. సంఘమునకు ఏది యవసరమో దానినే బడి నేర్పినది. నేర్పిన పద్ధతిని వంశపారంపర్యముగా నిలుపుకొన్నది. ఈ విద్య తక్కువదని చెప్పరాదు. దానివలన బ్రతికిన కుటుంబములు లెక్కకు మిక్కిలి. కాని దాని వెనుక ఒక నమ్మకము గట్టిగా నాటుకొనియుండెను. కఱ్ఱ మ్రోగిననే గాని విద్య రాదని గుజరాతీ సామెత కూడ కలదు. తల్లిదండ్రులు పిల్లవానిని తెచ్చి పంతులుకు అప్పగించునపుడు, ఎముకలు మావి, మాంసము మీదియను నర్థము వచ్చునట్లు మాటలాడుట అన్ని ప్రాంతములలో నుండినదే. మన తెలుగునాట కోదండము వేయుట, గుంజిళ్ళు తీయించుట, ఇసుకలో వ్రేలు అదిమిపట్టి ఓనమాలు దిద్దించుట ఎఱుగని పెద్దలు నిన్నమొన్నటి వఱకు అరుదు. ప్రహ్లాదుని చదివించిన చండామార్కులు ఏ యుగమువారైనను, వారి శిష్యపరంపర మాత్రము చిరంజీవియైనది.

ఇది ఒక ప్రక్క. రెండవ ప్రక్క సాయంకాలము ఇంటి అరుగుపై నుండెను. ముసలమ్మలు చెప్పు కాకి కథలు, ఎలుక కథలు, రాజు కథలు, పాడుటకు జోలపాటలు, నవరాత్రులలో గర్బా నృత్యము, భాటులు, చారణులు పాడు వీరగాథలు. కాఠియావాడు కథల గని. పగలు బడిలో వణకిన పిల్లవాడే రాత్రి అమ్మమ్మ ఒడిలో రెప్ప వాల్పక ఊఁ కొట్టెడివాడు. ఒకే సంప్రదాయము ఒకే పిల్లవానికి పగలు భయమును, రాత్రి సంతోషమును పంచిపెట్టుచుండెను. గిజుభాయి జీవితకృషి యంతయు ఈ రెండింటిలో దేనిని విడువవలెను, దేనిని బడిలోనికి తేవలెను అను ప్రశ్నకు సమాధానమే.

ఆయన మొదట ఉపాధ్యాయుడగుటకు బయలుదేరలేదు. చదువు మధ్యలో బ్రతుకుతెరువునకై 1907లో తూర్పు ఆఫ్రికాకు పోయెను. గుజరాతీలకు ఆ తీరము కొత్తది కాదు. అచట రెండేండ్లు పనిచేసి, తన పని తాను చేసికొనుట యెట్లో నేర్చికొని, 1909లో తిరిగి వచ్చెను. పిదప బొంబాయిలో న్యాయశాస్త్రము చదివి, సౌరాష్ట్రములోని వఢ్వాణులో వకీలుగా కుదురుకొనెను. వృత్తి బాగుగనే సాగినది. ఆ దారినే పోయియున్నచో ఊరిలో ఒక మంచి మేడయు, వారసులకు కొంత ఆస్తియు మిగిలియుండును. పేరు మాత్రము ఆ తరముతో ముగిసియుండును.

1913లో ఆయనకు నరేంద్రుడను కుమారుడు కలిగెను. ఈ బిడ్డను ఏ బడికి పంపవలెనను చింత ఆయనను పట్టుకొన్నది. తాను చూచిన బడికి పంపుటకు మనసొప్పలేదు. వేఱొక బడి కానరాలేదు. కక్షిదారుల కాగితములు చదువవలసిన కన్నులతో శిశుపోషణ గ్రంథములు చదువసాగెను. ఈ వెదకులాటలో ఆయన చరోతరు ప్రాంతమునందలి వసో గ్రామమునకు పోయెను. అచట మోతీభాయి అమీను, దర్బారు గోపాలదాసు దేశాయి మున్నగువారి పూనికతో పసిపిల్లలకు ఒక క్రొత్తరకపు బడి నడచుచుండెను. ఇటలీ దేశపు వైద్యురాలు మేరియా మాంటిసోరి పద్ధతిని గూర్చిన పుస్తకము గిజుభాయి చేతికి అచటనే, మోతీభాయి వలన అందినది.

ఈ మోతీభాయి అమీనును గ్రంథాలయాభిమానులు కొంచెము నిలిచి తలచుకొనవలెను. బరోడా సంస్థానములో మహారాజు సయాజీరావు 1910లో అమెరికా నుండి బోర్డెను అను గ్రంథాలయ నిపుణుని రప్పించి ఊరూరికి పుస్తకములు చేర్పింప పూనుకొనగా, ఆ పనికి పల్లెలలో వేళ్ళు దొరకునట్లు చేసినవాడు మోతీభాయి. మిత్రమండలి గ్రంథాలయములను పేర ఆయన చదువరుల సంఘములను నెలకొల్పెను. మన బెజవాడలో 1914లో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము పుట్టి, అయ్యంకి వెంకటరమణయ్యగారు ఊరూర గ్రంథాలయ ప్రచారము సాగించిన దశాబ్దమును అదియే. ఒక గ్రంథాలయసేవకుడు ఒక వకీలు చేతిలో ఒక పుస్తకము పెట్టుటతో, గుజరాతు దేశపు పసిబిడ్డల చదువు దారి మళ్ళినది. ఎవరి చేతిలో ఏ పుస్తకము పడునో, దాని ఫలమెట్టిదో ముందుగా నిర్ణయించు పట్టీ ఏ భాండాగారమునందును లేదు.

భావనగరములోని దక్షిణామూర్తి సంస్థకు ప్రాణమువంటివాడు నృసింహప్రసాద కాళిదాస భట్టు. లోకము ఆయనను నానాభాయి యని పిలిచినది. సామల్‌దాసు కళాశాలలో ఆచార్యపదవిని విడిచి వచ్చిన త్యాగి. గిజుభాయి మేనమామ హరగోవింద పండ్యా ఆ సంస్థ పెద్దలలో ఒకడు. ఈ చుట్టరికపు త్రోవను, అంతకంటె బలమైన మనసు త్రోవను, గిజుభాయి 1916లో వకాలతు వదలి దక్షిణామూర్తిలో చేరెను. మొదట పెద్దపిల్లలకు బోధించెను. నాలుగేండ్లు గడచునప్పటికి ఆయనకు ఒక సంగతి స్పష్టమైనది. పండ్రెండేండ్ల పిల్లవానిలో కనబడు భయము, కపటము, చదువుపై రోత అప్పుడు పుట్టినవి కావు, ఐదేండ్లలోపుననే నాటబడినవి. కావున మరమ్మతు అచటి నుండియే ఆరంభింపవలెనని తలచి 1920 ఆగస్టులో బాలమందిరమును తెఱచెను. రెండున్నర యేండ్ల మొదలు ఆఱేండ్ల లోపు పిల్లలు అందు చేరిరి. 1922లో తఖ్తేశ్వర దేవాలయమున్న గుట్టవద్ద దానికి సొంత భవనము ఏర్పడగా శ్రీమతి కస్తూరిబా గాంధి ప్రారంభోత్సవము చేసెను.

బాలమందిరములో ఏమి జరుగుచుండెనో కొంత వివరముగా చెప్పుకొనుట యుక్తము, ఏలయన ఇందలి మార్పులు చూచుటకు చిన్నవి, చేయుటకు పెద్దవి. పిల్లలు వచ్చి తమ చేతులు, ముఖము, గోళ్ళు తామే చూచుకొనెడివారు. చాపలు తామే పఱచుకొనెడివారు. వేఱువేఱు లావులుగల కొయ్యదిమ్మలను వాని వాని గుంటలలో అమర్చుట, పెద్దదానిపై చిన్నదానినుంచి గోపురము కట్టుట, రంగుల బిళ్ళలను జతపఱచుట మున్నగు మాంటిసోరి పనిముట్లతో ఎవరికి నచ్చిన పనిని వారు నచ్చినంతసేపు చేసెడివారు. గరుకు కాగితముతో చేసిన గుజరాతీ అక్షరములపై వ్రేలు నడపుచు అక్షరస్వరూపమును గ్రహించెడివారు. ఇది చదువునప్పుడు మన అక్షరాభ్యాసము గుర్తురాకమానదు. పళ్ళెములోని బియ్యముపై బిడ్డ వ్రేలితో వ్రాయించుట మన తాతలెఱిగినదే. కంటికంటె ముందు వ్రేలు నేర్చునను సత్యము మన ఆచారములో దాగియున్నది. ఐతే మన ఆచారములో ఆ వ్రేలు పెద్దవాని పిడికిలిలో నుండును. బాలమందిరములో అది పిల్లవాని వశములో నుండెను. తేడా అంతియే, ఐనను ఆ తేడాలోనే గిజుభాయి సమస్తమును కలదు.

శాంతి ఆట యని మఱియొకటి యుండెను. గది తలుపులు మూసి, వెలుతురు తగ్గించి, పిల్లలందఱును కదలక మెదలక కూర్చుండి, దూరపు శబ్దములను, తమ ఊపిరి చప్పుడును వినెడివారు. నోరు మూయుమని గద్దించుటవలన వచ్చు మౌనము వేఱు, తానై వచ్చి కూర్చున్న మౌనము వేఱు. మాంటిసోరి దొరసాని ఇటలీలో కనిపెట్టిన ఈ ఆట, మౌనముతో బోధించు దేవుని పేరుగల సంస్థలో పుట్టింటికి వచ్చిన ఆడపడుచువలె కుదురుకొన్నది.

కాని ఒక విషయమున గిజుభాయి మాంటిసోరితో ఏకీభవింపలేదు. ఆమె శాస్త్రవేత్త. పసిబిడ్డకు నిజమేదో కల్పన యేదో తెలియదు గనుక, ఆ వయసులో అద్భుత కథలు చెప్పుట తగదనియు, కన్నులకు కనబడు లోకమునే ముందు చూపవలెననియు ఆమె మతము. గురువును మెచ్చిన శిష్యుడు గురువాక్యమును శిరసావహించుటయే మన దేశపు మర్యాద. గిజుభాయి ఆ మర్యాదను మీఱెను. కాఠియావాడు బిడ్డకు భాష వచ్చినదే కథవలన. నవ్వు, జాలి, తగవు, న్యాయము మొదట తెలిసినదియు కథవలననే. ఆ కథను బడి గుమ్మము బయట నిలిపివేసినచో, పిల్లవాడు సగము బయటనే యుండిపోవునని ఆయన నిశ్చయించెను. కావున బాలమందిరములో కథకు పెద్దపీట పడినది. ఊరూర ముసలమ్మల నోటనున్న కథలను సేకరించి, పిల్లలకు చెప్పి, వారు మరల మరల అడిగినవానిని నిలుపుకొని, అడుగని వానిని విడిచి, పుస్తకములుగా వెలువరించెను. ఏడు తోకల ఎలుక, ఆనందముగల కాకి, పొలమును అనుమతి యడిగి వంకాయలు కాజేయు దలా తర్వాడీ యను బ్రాహ్మణుడు నేటికిని గుజరాతీ ఇండ్లలో చుట్టములవలె మసలుచున్నారు. కథ చెప్పు విధానముపై ఆయన 1920ల నడుమ ఒక శాస్త్రగ్రంథమునే వ్రాసెను. ఏ వయసున ఏ కథ, ఏ కథలో ఏ పలుకు ఎన్నిసార్లు తిరిగి రావలెను, చెప్పువాని గొంతు ఎట్లుండవలెను అనునవి అందు చర్చింపబడినవి. మందబుద్ధులగు రాకుమారులను కథలతో దారికి తెచ్చిన విష్ణుశర్మ పుట్టిన దేశములో ఇట్టి గ్రంథమునకు ఇరువదవ శతాబ్దము వఱకు వేచియుండవలసివచ్చుట ఆశ్చర్యము.

కథతోపాటు పాట, గర్బా, ముగ్గులు, మట్టిపని, తోటపని, గుట్టలవెంట తిరుగుట అన్నియు చేరినవి. నాటకములుండెను గాని, మాటలు వల్లించుట లేదు. తెలిసిన కథనే పిల్లలు తమకు తోచిన మాటలతో ఆడెడివారు. మీసముల గిజుభాయియు వారితో కలిసి వేషము కట్టెడివాడు. పెద్దవాడు, అందులోను వకీలుగా వెలిగినవాడు, పసివారి నడుమ చతికిలబడి ఎలుకవలె కిచకిచలాడుట చూచి ఊరివారు మొదట నవ్విరి. తరువాత వారే ఆయనకు మూఛాళీ మా యని పేరు పెట్టిరి. మీసములుగల తల్లి యని దాని యర్థము. ఇందొక గూఢార్థము కలదు. మన కుటుంబములలో లాలన తల్లిది, శాసనము తండ్రిది. బడి తండ్రి పక్షమును పుచ్చుకొన్నది. ఆ పొలిమేరను చెఱపి, పురుషుడు సైతము బడిలో తల్లి కావచ్చునని చూపుట, ఏ పనిముట్ల పెట్టెకంటెను గొప్ప మార్పు.

సంప్రదాయమన్న మాత్రమున ఆయన దేనిని పడితే దానిని నెత్తిన పెట్టుకొనలేదు. దయ్యమని, బైరాగి పట్టుకొని పోవునని చెప్పి పిల్లలను జడిపించి నిద్రపుచ్చు ఆచారమును తీవ్రముగ ఖండించెను. మతబోధ పేర అర్థము తెలియని శ్లోకములను పసివారిచే వల్లింపజేయుటను అంగీకరింపలేదు. పురాణకథలు చెప్పుడు, ధర్మము తానై ఎదుగునని ఆయన పక్షము. ఈ విషయమున పెద్దలకు ఆయనపై కినుక కలుగకపోలేదు. శ్లోకములు కంఠస్థము చేసి వయసు వచ్చిన తరువాత వాని యర్థము తెలిసికొని ఆనందించినవారు ఎందఱో కలరు గనుక, ఈ ఒక్క వాదము మాత్రము ఇంకను తీరని వ్యాజ్యమువంటిది. బహుమతులను, పోటీపరీక్షలను కూడ ఆయన దండనకు తోబుట్టువులుగనే యెంచెను. కఱ్ఱ వెనుక నుండి తోలును, బహుమతి ముందు నుండి లాగును. రెండింటను పిల్లవాడు తన కాళ్ళపై నడచుట లేదు.

1923లో తారాబాయి మోడక్ భావనగరమునకు వచ్చి ఆయన పనిలో చేరెను. ఆమె 1892లో బొంబాయిలో పుట్టి, పట్టభద్రురాలై, రాజకోటలోని స్త్రీల ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ప్రధానాధ్యాపకురాలుగా పనిచేసినది. ఆమె రాకతో పనికి క్రమము, వ్రాతకు పదును వచ్చినవి. 1925లో ఉపాధ్యాయులను తయారుచేయుటకు అధ్యాపనమందిరము ఏర్పడినది. ఆ యేడే భావనగరమున మాంటిసోరి సమ్మేళనము జరిగినది. 1926లో నూతన బాలశిక్షణ సంఘము పుట్టినది. శిక్షణ పత్రిక యను మాసపత్రిక వెలువడినది.

గిజుభాయికి అసలు కష్టము ఈ అధ్యాపనమందిరములోనే ఎదురైనది. పిల్లలు మారుట సులభము, వారికి విడువవలసినది లేదు. ఉపాధ్యాయుడు కావలెనని వచ్చిన పెద్దవాడు మాత్రము ఇరువదియేండ్ల సంస్కారమును మూటగట్టుకొని వచ్చును. తాను దెబ్బలు తిని చదువుకొన్నవాడు, ఆ దెబ్బలవలననే తాను బాగుపడితినని నమ్ముచుండును. ఆ నమ్మకమును తీసివేసినచో తన బాల్యపు బాధ యంతయు వ్యర్థమైనదని ఒప్పుకొనవలసివచ్చును. అది మనుష్యమాత్రునకు దుస్సహము. పిల్లవాడు గిన్నెలోని నీరు ఒలుకబోసినపుడు చేయి చాపక కూర్చుండుట, తప్పుగా పేర్చిన దిమ్మలను సరిదిద్దక చూచుచుండుట వారికి తపస్సుకంటె కఠినమైనది. గిజుభాయి వారిని పిల్లల నడుమ మౌనముగ కూర్చుండబెట్టి, చూచినది చూచినట్లు వ్రాయుటను అభ్యాసము చేయించెను. పాఠము చెప్పుటకు ముందు చూచుట నేర్వవలెను. కొంతకాలమునకు బెత్తము చేతినుండి జారును. కంటిలోనుండియు, గొంతులోనుండియు జారుటకు ఇంకను చాల కాలము పట్టును. దెబ్బ కొట్టకయే జడిపించు ఉపాధ్యాయులు ఎందఱో కలరని ఆయన ఎఱుగును.

ఈ అనుభవసారమునే ఆయన 1930ల తొలినాళ్ళలో దివాస్వప్న మను కథారూప గ్రంథముగా వ్రాసెను. పగటికల యని దాని యర్థము. అది తెలుగులోనికి కూడ వచ్చియున్నది. సర్కారు ప్రాథమిక పాఠశాలలో నాలుగవ తరగతిని ఒక యేడు తనకు అప్పగింపుమని ఒక యువకుడు విద్యాధికారిని అడిగి తీసికొనును. మొదటి దినముననే శాంతి ఆట ఆడింపబోయి పరాభవము పొందును. పిల్లలు కిలకిల నవ్వి, చప్పట్లు చఱచి, వీథిలో పడుదురు. బాలమందిరములో ఫలించినది సామాన్యపు బడిలో ఫలింపలేదు. మరునాడు అతడు వారికొక కథ మొదలిడును, బడి నిశ్శబ్దమగును. అచటి నుండి ఆటలు, శుభ్రత, నాటకములు ఒకదానివెంట ఒకటి వచ్చును. పాఠ్యపుస్తకములు కొనవలసిన డబ్బును ప్రోగుచేసి కథల పుస్తకములు తెప్పించి తరగతిలోనే చిన్న గ్రంథాలయము నెలకొల్పుట ఆ గ్రంథములో మనోహరమైన ఘట్టము. తోడి పంతుళ్ళు ఎగతాళి చేయుదురు, తండ్రులు సణుగుదురు, అధికారి పరీక్షల మాట యెత్తును. గిజుభాయి ఈ ఎదిరివారిని దుర్మార్గులుగా చిత్రింపలేదు. వారు తమకు పెద్దలిచ్చిన దానిని భద్రముగ కాపాడుకొనుచున్నవారు, అంతియే. అందుచేతనే ఆ పుస్తకము నేటికిని ఉపాధ్యాయులకు కోపము పుట్టింపక ఆలోచన పుట్టించుచున్నది.

ఆయన చిన్నవి పెద్దవి కలిపి రమారమి రెండువందల పుస్తకములు వ్రాసెను. అన్నియు సమానమైనవని చెప్పరాదు. తొందరలో వ్రాసినవి, చెప్పినదే చెప్పినవి వానిలో నున్నవి. ప్రబంధకవివలె పదములను చెక్కుచు కూర్చుండు తీరిక ఆయనకు లేదు. పిల్లలకు చదువుటకు పుస్తకము లేని భాషలో ఒక భాండాగారమును నింపవలసిన పని యుండెను. తల్లిదండ్రులకై వ్రాసిన గ్రంథమునకు, తల్లిదండ్రులగుట కష్టమను అర్థము వచ్చు పేరు పెట్టెను. గుజరాతీ సాహిత్యములో ఘనముగ ఎన్నబడు రంజిత్‌రామ్ సువర్ణచంద్రకము 1929లో ఆయనకు లభించినది. పండితులు పసిపిల్లల కథలను సాహిత్యముగ అంగీకరించుటకు అది సాక్ష్యము. 1930లో ఉప్పు సత్యాగ్రహము దేశమును ఊపుచుండగా, ఆయన సూరతు ప్రాంతమునకు పోయి, పన్ను నిరాకరించి ఇండ్లు విడిచి వచ్చిన రైతుల శిబిరములలో పిల్లలను చేరదీసి పనిచేసెను.

లోపములును చెప్పుకొనవలెను. భావనగరపు బాలమందిరము పట్టణములో నున్నది. అందు చేరిన వారిలో చదువుకొన్న కుటుంబముల పిల్లలే హెచ్చు. పనిముట్లను స్థానికముగా చేయించి వెల తగ్గించినను, పల్లె కూలివాని బిడ్డకు ఆ భవనము దూరమే. ఈ కొఱత తారాబాయిని బాధించినది. ఆమె 1932లో భావనగరము విడిచి బొంబాయికి పోయెను. గిజుభాయి 1936లో దక్షిణామూర్తి నుండి వైదొలగెను. ఇరువదియేండ్లు చెమటోడ్చి పెంచిన చెట్టు నీడను విడిచి పోవుట ఏబదియొకటవ యేట తేలిక కాదు. 1938లో రాజకోటలో మరల ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టెను గాని, దేహము సహకరింపలేదు. 1939 జూన్ 23వ తేదీన బొంబాయిలో మరణించెను. అప్పటికి ఆయనకు ఏబదినాలుగు నిండలేదు. ఆయనకు తొలి పుస్తకమిచ్చిన మోతీభాయి అమీను కూడ ఆ సంవత్సరమే కాలము చేసెను.

ఐదు నెలలు గడచిన పిమ్మట, 1939 నవంబరులో మేరియా మాంటిసోరి దివ్యజ్ఞాన సమాజమువారి ఆహ్వానముపై మదరాసు చేరి అడయారులో శిక్షణ తరగతులు ప్రారంభించెను. యుద్ధము వలన ఆమె 1946 వఱకు ఈ దేశముననే యుండిపోయెను. పందొమ్మిదేండ్లు ఆమె పద్ధతిని గుజరాతీ నేలపై సాగుచేసి, కథ విషయమున ఆమెతో విభేదించిన శిష్యుడు ఆమెను ఎన్నడును చూడలేదు. ఇరువురు ఎదురెదురుగ కూర్చుండి ఏడు తోకల ఎలుకను గూర్చి వాదించియుండినచో ఎట్లుండెడిదో ఊహింపవలసినదే.

తారాబాయి 1945లో బొంబాయికి ఉత్తరమున సముద్రతీరపు బోర్డీ గ్రామములో గ్రామ బాలశిక్షా కేంద్రమును తెఱచినది. అనూతాయి వాఘ్ ఆమెకు తోడైనది. హరిజనవాడ పిల్లలు బడికి రాకపోగా, బడియే వారి వాకిటికి పోయినది. గవ్వలు, గులకఱాళ్ళు, ఆకులు, గింజలు మాంటిసోరి పనిముట్ల స్థానమును ఆక్రమించినవి. వాకిట నడచు బడి గనుక దానిని అంగన్‌వాడి యనిరి. 1957లో ఆ కేంద్రము కోస్‌బాడు గుట్టలకు, వార్లీ గిరిజనుల నడుమకు మాఱినది. పశువులను కాయు పిల్లలకై పచ్చికబయలులోనే బడి పెట్టిరి. 1962లో తారాబాయికి పద్మభూషణ బిరుదము లభించినది. 1973లో ఆమె మరణించెను. ఆమె పోయిన రెండేండ్లకు, 1975లో, కేంద్రప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి పథకమును ప్రారంభించినపుడు ఊరూర వెలసిన శిశుకేంద్రములకు అంగన్‌వాడి పేరే నిలిచినది. తెలుగు పల్లెలలో తల్లులు ఉదయము బిడ్డలను దింపివచ్చు ఆ గదికి ఆ పేరు బోర్డీ వాకిళ్ళ నుండియే వచ్చినది. గుట్టపై గిజుభాయి నెలకొల్పిన బాలమందిరము ఆయన తరువాతను పిల్లలను చేర్చుకొనుచునే వచ్చినది.